ఏడింటికి వేడెక్కని ఓవెన్

సోమవారం ఉదయం 7.20కి కోదాడలోని ఒక ఇంట్లో మైక్రోవేవ్ ఓవెన్ నిమిషం పాటు నడిచింది. లైటు వెలిగింది, లోపలి పళ్లెం తిరిగింది, నిమిషం కాగానే గంట మోగింది. అందులో పెట్టిన పాలు వేడెక్కలేదు. 7.24కి ఆ ఇంటి కోడలు సుమలత కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించింది. కొత్తగా కొన్న ఆ ఓవెన్ మీద ఇరవై రోజుల్లో అది మూడో ఫిర్యాదు.

ఫిర్యాదు సూర్యాపేట సర్వీస్ సెంటర్‌లో పనిచేసే టెక్నీషియన్ హారికకు వచ్చింది. ఆమెకు ఇరవై నాలుగేళ్లు. సొంతూరు మేళ్లచెరువు. తండ్రి సిమెంటు లారీ నడుపుతాడు. ఐటీఐ చదివి, ఐదు నెలల కిందట ఉద్యోగంలో చేరింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ కాల్స్ చూస్తుంది.

టెక్నీషియన్ చూసి వెళ్లిన వస్తువు మీద నెలలోపు అదే ఫిర్యాదు మళ్లీ వస్తే కంపెనీ దాన్ని రిపీట్ అంటుంది. ఒకే వస్తువు మీద రెండు రిపీట్లు పడితే టెక్నీషియన్ ఐడీ ఆగిపోతుంది. ఐడీ ఆగితే కాల్స్ రావు, ఉద్యోగం పోయినట్టే. ఈ ఓవెన్ మీద హారికకు ఒక రిపీట్ పడి ఉంది. మంగళవారం మధ్యాహ్నం పన్నెండులోపు కారణం తేల్చకపోతే రెండోది పడుతుంది.

మొదటిసారి ఆమె ఆ ఇంటికి వెళ్లింది మధ్యాహ్నం పన్నెండున్నరకు. ప్లగ్గు దగ్గర వోల్టేజి 226 ఉంది. గ్లాసు నీళ్లు పెట్టి నిమిషం నడిపితే చేయి పెట్టలేనంత వేడెక్కాయి. లోపం లేదని రాసి వచ్చింది. రెండోసారి రెండింటికి వెళ్లింది. అప్పుడూ నీళ్లు కాగాయి. సూపర్‌వైజర్ ప్రశాంత్ ఎందుకైనా మంచిదని మాగ్నెట్రాన్ మార్చమన్నాడు. ఓవెన్‌లో వేడి పుట్టించే భాగం అదే. ఆమె మార్చింది. రెండుసార్లూ ఇంట్లో సుమలత అత్త అంజమ్మ ఒక్కతే ఉంది. సుమలత టీచరు. ఎనిమిదింటికే బడికి బయల్దేరుతుంది.

మూడో ఫిర్యాదు చూసి, ఈసారి లోపలి బోర్డు మార్చమన్నాడు ప్రశాంత్. హారిక ఒప్పుకోలేదు.

"కొత్త పార్ట్ ఏసినా అదే కంప్లయింట్ వచ్చిందంటే, తప్పు ఓవెన్ల లేదు సార్."

"మరి యాడుంది?"

"తెల్వదు."

"తెల్వదు అని రాస్తే సిస్టమ్ తీసుకోదు."

ఆమె సుమలతకు ఫోన్ చేసి మూడుసార్లూ ఎన్నింటికి వేడెక్కలేదో అడిగింది. ఒకసారి 7.15, రెండుసార్లు 7.20. ఆదివారం సంగతి అడిగితే, ఆ రోజు పదింటికి వాడతామని, బాగానే పనిచేస్తుందని చెప్పింది సుమలత. "అందుకే ఇంకా కోపం. సెలవు రోజు పనిచేసే మిషను నాకెందుకమ్మా?" అంది.

మంగళవారం హారిక డ్యూటీ తొమ్మిదిన్నరకు. ఆమె సెంటర్‌లో చెప్పకుండా ఉదయం 5.35 బస్సెక్కింది. 7.05కి ఆ వీధి మలుపు తిరిగింది. కంపెనీ నీలం చొక్కా, మెడలో ఐడీ కార్డు, భుజాన సంచి. వీధి మొదట్లో గుయ్యిమనే శబ్దం వినిపించిందని, నాలుగో ఇంటి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయిందని ఆమె తర్వాత ప్రశాంత్‌కు చెప్పింది. అప్పుడు పట్టించుకోలేదు.

7.10కి ప్లగ్గు దగ్గర వోల్టేజి 225. గ్లాసు నీళ్లు నిమిషంలో 28 డిగ్రీల నుంచి 66కు వెళ్లాయి. 7.15కి మళ్లీ పెట్టింది. 7.20కి మళ్లీ పెట్టింది. మూడుసార్లూ వేడెక్కాయి. నిన్న ఇదే టైముకు కాగలేదని, తాను అబద్ధం చెప్పడం లేదని సుమలత అంది.

ఈలోపు అంజమ్మ రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. గోడ గడియారం చూసింది. ఇంకా ఎంతసేపు పడుతుందని హారికను అడిగింది. ఎందుకు తొందరని కోడలు అడిగితే, నీళ్లు పోతాయంది.

అప్పుడు పక్కింటి దానియేలు ప్రహరీ మీంచి తల పెట్టాడు.

"వదినా, మున్సిపాలిటీ ఆమె పోయిందా?"

అంజమ్మ చేత్తో పొమ్మని సైగ చేసింది. తల మాయమైంది.

హారిక ఇంటి ముందుకు నడిచింది. నల్లా పక్కన ప్లాస్టిక్ టబ్బు బోర్లించి ఉంది. ఎత్తి చూస్తే కింద చిన్న మోటారు. పైపు నల్లాకు బిగించి ఉంది.

"అది చెడిపోయిందమ్మా. వాడం," అంది అంజమ్మ.

"చెడిపోతే గింత వేడిగుందేందమ్మా?"

ఆ వీధిలో నల్లా నీళ్లు ఏడింటికి వచ్చి ఎనిమిదింటికి పోతాయి. నీళ్లు రాగానే ప్రతి ఇంటివాళ్లూ నల్లాకు మోటారు పెట్టి లాగుతారు. అది నిబంధనలకు విరుద్ధం. ఆరు నెలల కిందట మున్సిపాలిటీవాళ్లు ఆ వీధిలో రెండు మోటార్లు పట్టుకుపోయారు. అప్పటినుంచి కార్డు, సంచి ఉన్న మనిషి వీధిలోకి వస్తే మోటార్లు ఆగుతాయి, టబ్బులు బోర్లుతాయి. ఈ సంగతి అంజమ్మ ఒక్కొక్క మాటగా చెప్పింది.

"నేను రెండుసార్లు వచ్చి మీ ఇంట్ల చాయ్ తాగిన కదమ్మా. నన్ను గుర్తు పట్టలేదా?"

"నువ్వు తెలుసు బిడ్డా. నీ చొక్కా ఎవరికి చెప్తదో తెలవదు."

మోటార్లు వేయమని హారిక అడిగింది. అంజమ్మ వేయనంది. వేస్తే ఫొటో తీస్తారని, ఫొటోతోపాటు ఇంటి నంబరు పోతుందని ఆమె భయం.

"అమ్మా, ఇయ్యాల ఇది తేలకపోతే నా ఉద్యోగం ఉండదు," అంది హారిక. "మోటారు ఫొటో తీయను. నా చేతిల ఉన్న మీటరు ఒక్కటే తీస్త."

అంజమ్మ ప్రహరీ వైపు తిరిగింది.

"దానియేలూ, ఈమె నీళ్లామె కాదు. ఓవెన్ బాగు చేసే పిల్ల. ఏసుకోండి."

7.31కి మొదటి మోటారు మొదలైంది. హారిక మీటరు ప్లగ్గుకు పెట్టి చూసింది. 214. దానియేలు ఇంట్లో మోటారు మొదలైంది. 203. ఎదురింట్లో, ఆ పక్కన, వీధి చివరి దాకా. 7.34కి మీటరు 163 దగ్గర ఆగింది. ఆమె గ్లాసు నీళ్లు పెట్టి ఓవెన్ నడిపింది. లైటు వెలిగింది, పళ్లెం తిరిగింది, గంట మోగింది. నీళ్లు 28 నుంచి 30కి వెళ్లాయి. లైటుకు, పళ్లేనికి 163 సరిపోతుంది. మాగ్నెట్రాన్‌కు సరిపోదు.

ఐదు నిమిషాలు మోటార్లు ఆపమని అంజమ్మ వీధిలోకి వెళ్లి చెప్పింది. కొందరు గొణిగారు, అందరూ ఆపారు. మీటరు 224 చూపింది. కొత్త గ్లాసు నీళ్లు 65కు వెళ్లాయి.

సుమలత అత్త వైపు తిరిగింది. "ఇరవై రోజుల నుంచి నేను కంపెనీవాళ్లను తిడుతుంటే వింటూ కూర్చున్నారా?"

"నీ ఓవెన్ సంగతి నాకేం ఎరుక? నువ్వు ఫోన్లో అరుస్తున్నవ్, నేను నీళ్లు పడుతున్న. ఎవరి పని వాళ్లది."

సుమలత నవ్వింది. హారిక కూడా నవ్వింది. ఏడు నుంచి ఎనిమిది దాకా పాలు గ్యాస్ మీద కాచుకోవాలని, మిగతా వేళల్లో ఓవెన్‌కు ఢోకా లేదని హారిక చెప్పింది. ఫిర్యాదు ముగించాలంటే కస్టమర్ ఫోన్‌కు వచ్చే ఓటీపీ కావాలి. 7.52కి సుమలత ఆ నాలుగు అంకెలు చెప్పి బడికి బయల్దేరింది. అంజమ్మ చాయ్ ఇచ్చింది.

హారిక మీటరు ఫొటోలు నాలుగు, థర్మామీటరు ఫొటోలు నాలుగు ప్రశాంత్‌కు పంపి బస్టాండుకు నడిచింది. 9.34కి, ఆమె సూర్యాపేటలో బస్సు దిగేసరికి, అతను ఫోన్ చేశాడు.

"గిది మొదటి రోజే సూడొద్దా?"

"మొదటి రోజు పన్నెండున్నరకు పోయిన సార్. నీళ్లొచ్చేది ఏడింటికి."

ప్రశాంత్ తాను మాగ్నెట్రాన్ మార్చమనడం కూడా తప్పేనని, ఆ మాట కూడా రాసి పైకి పంపుతానని అన్నాడు. ఆమె అప్పటిదాకా ఏమీ తినలేదు. ఫోన్ పెట్టేసి రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నది.

11.20కి సిస్టమ్‌లో ఆ ఓవెన్ ఎదుట కారణం "ఇంటి దగ్గర వోల్టేజి తక్కువ" అని పడింది. పాత రిపీట్ కూడా పోయి, రిపీట్ల గడిలో సున్నా ఉంది. 11.46కి హారిక ఐడీకి కొత్త కాల్ వచ్చింది. మిర్యాలగూడ, వాషింగ్ మెషిన్, నీళ్లు బయటికి పోవడం లేదు.