పెట్టె మీది గుడ్డ

“అది గుడి గుడ్డని తెలీదూ నీకు?”

“తెలిస్తే ఎందుకు పరుస్తానత్తయ్యా? ట్రంకుపెట్టెలో పైనే ఉంది, తెల్లగా ఉంది, పరిచాను. మిరపకాయలేగా, బురదేం పొయ్యలేదుగా దాని మీద!”

“నోరు బాగానే లేస్తోంది. చెయ్యి పెట్టేముందు అడగడానికే లేవలేదు.”

సంతోషకుమారి టీచరు డాబా మీద చతికిలబడి, పండుమిరపకాయల్ని రెండు చేతులతో పక్కకు తోసింది. పచ్చడికని కోడలు స్తుతి కిలో పన్నెండు రూపాయల చొప్పున మూడు కిలోలు కొని, కడిగి, తొడిమలు తీసి ఆరబోసింది. గుడ్డ నడిమధ్య అరచేయంత మేర రసం కారి ఎర్రగా అంటుకుంది.

ఇంకో రోజైతే ఇంత రభస అయ్యేది కాదు. ఆ తెల్లవారుజామునే ఎలీషా గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేసి, పురుగుకు కొట్టగా డబ్బాలో మిగిలిన మందు తాగాడు. మూడో క్లాసులో టీచరు దగ్గర గుణింతాలు దిద్దిన పిల్లవాడు. ఆ ఏడు, తొంభై ఎనిమిదిలో, సత్తెనపల్లి చుట్టుపక్కల అలా పోయినవాళ్ళలో ఎలీషా మొదటివాడు కాదు. టీచరు వెళ్ళే క్రైస్తవ గుడి సభ్యుల్లో మాత్రం మొదటివాడు.

ఆమె గుడ్డని బకెట్లో వేసి రెండుసార్లు సబ్బు పెట్టింది. మరక పలచబడిందిగానీ పోలేదు. దండెం మీద ఆరేసి, తడిచేతులు కొంగుకు తుడుచుకుని గుడికి బయల్దేరింది.

బడి హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మర్నాటి నుంచీ, ఈ అయిదేళ్ళూ, ఆవిడ రోజంతా గుడిదే. సండేస్కూలు, స్త్రీల సమాజం, విధవరాళ్ళ పెన్షన్ అర్జీలు, స్మశానం గేటు తాళంచెవి, శవపెట్టె మీద కప్పే ఈ తెల్లగుడ్డని ఉతికి గంజిపెట్టడం. సంఘానికి సెక్రటరీ కూడా ఆవిడే. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ గుడికి పేరుంది. అక్కడ ఆడవాళ్ళు ప్రసంగం చేస్తారు. మాలపల్లె, మాదిగపల్లె ఒకే గిన్నెలో ప్రభుభోజన సంస్కారం తీసుకుంటాయి. వేరే మతం వాణ్ణి చేసుకున్న పిల్లని కూడా వెలివేయలేదు. ఒక్క ఆచారం మాత్రం తాతలనాటిది అలాగే మిగిలిపోయింది. తన ప్రాణం తాను తీసుకున్నవాళ్ళకి గుడ్డ కప్పరు, గంట కొట్టరు, స్మశానం ప్రహరీ లోపల చోటివ్వరు.

నాలుగేళ్ళ కింద బావిలో దూకిన సువార్తకీ ఇవ్వలేదు. ఆ తీర్మానం రాసింది సంతోషకుమారే. గుండ్రటి అక్షరాలతో, ఒక్క కొట్టివేత లేకుండా రాసింది. సువార్త తల్లి మళ్ళీ గుడి గుమ్మం తొక్కలేదు. ఎందుకు రావడం లేదని అడగడానికి టీచరూ వెళ్ళలేదు.

గుడి వరండాలో పెద్దలు ఐదుగురూ అప్పటికే కూర్చుని ఉన్నారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు గోళ్ళు చూసుకుంటున్నాడు.

“చెప్పండి టీచరుగారూ,” అన్నాడు చైర్మన్ సంజీవరావు.

“ఎలీషా మన బిడ్డండి. లోపలే పెడదాం.”

“నా బిడ్డ కాడా? వాడి పెళ్ళికి పందిరి నేనే వేయించా. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఈ ఏడు పత్తి చూస్తున్నారుగా. ఇవాళ వీడికి గుడ్డ కప్పి గంట కొట్టామనుకోండి, రేపు మందు డబ్బా పట్టుకున్నవాడికి భయమేముంటది? ఆ భయమొక్కటే గదా ఇంకొందర్ని బతికిస్తోంది!”

“సువార్తని బయట పెట్టాం. ఎలీషాకి భయమేసిందా?”

పాస్టరుగారు చిన్నగా దగ్గి, “సంఘం ఎట్లా అంటే అట్లా” అన్నాడు.

చేతులెత్తారు. ఐదు వద్దన్నాయి. ఆవిడ చెయ్యి ఒక్కటే పెట్టమంది. సంజీవరావు మినిట్సు పుస్తకం ఆవిడ ముందుకు జరిపి, గొంతు తగ్గించి అన్నాడు: “రాసెయ్యండి. అట్లాగే వాడి భార్య రెబ్కాకి మీరే చెప్పండి, మీ మాటైతే వింటది. మన కరుణాకర్ ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది, జూన్‌కల్లా చూద్దాం.”

కరుణాకర్ ఆవిడ కొడుకు. సంఘం నడిపే బళ్ళో నెలకు పన్నెండు వందలకి టెంపరరీ మేస్టరు. ఆరేళ్ళుగా ప్రతి జూన్‌కీ, పర్మినెంటు చేసే సంజీవరావు సంతకం కోసం ఎదురుచూస్తున్నాడు.

ఆవిడ పుస్తకం తెరిచింది. తేదీ వేసింది. కలం అక్కడే ఆగింది. “ఇంటి దగ్గర రాసుకొస్తా” అని పుస్తకం చంకన పెట్టుకుని లేచింది.

రెబ్కా ఇంటి ముందు పందిరి లేదు. చూరు కింద కూర్చుని ఆమె మొగుడి తెల్లచొక్కాకి గుండీ కుడుతోంది. టీచరు నోరు విప్పకముందే, “ఒప్పుకోలేదు గదండీ” అంది.

టీచరు తల అడ్డంగా ఊపింది.

“తొమ్మిదిసార్లు కొట్టాం టీచరుగారూ పత్తికి. పురుగు చావలా. ఈయనకి ఒక్కసారి సరిపోయింది.” పంటితో దారం కొరికింది. “గోడ బయటంటే ఏ పక్కండీ? కాలవ పక్కొద్దండీ. వానాకాలం నీళ్ళు నిలబడతయ్యి. ఈయనకి చిన్నప్పటినుంచీ నీళ్ళంటే భయం.”

సువార్తని పెట్టింది కాలవ పక్కనే.

ఇంటికి వచ్చేసరికి రెండయింది. స్తుతి కంచాలు పెట్టింది. గోంగూర పప్పు, ఆ పొద్దున నూరిన పండుమిరప పచ్చడి. కరుణాకర్ అప్పటికే రెండు ముద్దలు తిన్నాడు.

“ఐదుగురు వద్దన్నాక నువ్వొక్కదానివి ఏం చేస్తావమ్మా? తీర్మానం రాసిచ్చెయ్. చైర్మన్‌గారు బడికి కబురు కూడా పంపారు, నా సంగతి మర్చిపోలేదని.”

ఆవిడ అన్నం కలిపింది. ముద్ద ఎత్తలేదు.

“నాలుగింటికి ఎలీషాని తెస్తున్నారు. స్మశానం తాళం నేనే తీస్తాను. గంట నేనే కొడతాను. ప్రార్థన పుస్తకం చదవడం నాకొచ్చు. ఆ గుడ్డ వాడి మీద కప్పుతాను.”

“అమ్మా!”

“తీర్మానం రాయను. పుస్తకం రేపు ఖాళీగానే ఇచ్చేస్తాను.”

“మరి నా ఉద్యోగం?”

ఆవిడ కొడుకు ముఖంలోకి చూసింది. ముప్పై రెండేళ్ళు. చెవుల దగ్గర జుట్టు అప్పుడే నెరిసింది.

కరుణాకర్ కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయాడు. పప్పన్నంలో నీళ్ళు తేలాయి.

స్తుతి ఆ కంచం తీయలేదు. మజ్జిగ గిన్నె చేత్తో పట్టుకుని నిలబడే ఉంది. “మరక పూర్తిగా పోలేదత్తయ్యా” అంది.

“ఉండనీ.”

“ఎర్రగా కనపడుద్ది.”

“కనపడనీ,” అంది సంతోషకుమారి. “నువ్వు కూర్చుని తిను. నాలుగింటికి గుడ్డ ఆ కొస పట్టుకోడానికి ఒకళ్ళు కావాలి.”