ముళ్లకంచె లోపలి అతిథులు

మా ఊరి గ్రంథాలయంలో పాఠకుల సభ అంటే, ఎవరి అభిప్రాయం ఏమిటో వారం ముందే పంచిపెట్టేస్తారు. ఈసారి నవల అందరూ ఎప్పుడో చదివిందే. ఆకాశం నుంచి దిగిన కొందరిని శాస్త్రజ్ఞులు కంచె వేసి అట్టేపెట్టుకుంటారు. మంచి తిండి, వెచ్చని గదులు, అన్నీ ఇస్తారు. వెళ్లనివ్వరు, అంతే.

చదువుతుంటే నాకు కడుపు మండిపోయింది. మా ఊరూ కంచె లోపలే ఉంది మరి, ప్రభుత్వం వాళ్ల రహస్య గని ఊరు. గనిలో ఏం తవ్వుతున్నారో అడగకూడదు. గేటు దాటాలంటే చీటీ కావాలి, దాని మీద అధికారి గ్లెబ్ సావెల్యెవిచ్ సంతకం పెట్టాలి. అమ్మ ఇక ఎన్నాళ్లో బతకదని మా పల్లె నుంచి తంతి వచ్చింది. ఆ సంతకం కోసం తిరిగి తిరిగి నా కాళ్లు అరిగిపోయాయి.

"జౌరెష్, నువ్వు శాస్త్రజ్ఞుల పక్షం," అంది లైబ్రేరియన్ ఎమ్మా. "సాగింటాయ్ తాత నీకు ఎదురు మాట్లాడతాడు."

"వాళ్ల పేరెత్తితేనే నాకు ఒళ్లు మంట. తాతకీ నాకూ మార్చెయ్యి."

"పిచ్చి మొహమా! ముందు వరసలో కూర్చునేది గ్లెబ్. చీటీ కావాలా, వద్దా? ఆయన మెచ్చేలా మాట్లాడు."

నిజమే అనిపించింది. సభలో లేచి బల్లగుద్ది మరీ చెప్పాను.

"ఇక్కడ వాళ్లకేం తక్కువైంది? ఒక్కణ్ణి వదిలితే అందరూ పోతామంటారు. అప్పుడు పని సాగేదెలా?"

గ్లెబ్ తలూపాడు. నాకు ప్రాణం లేచివచ్చింది.

తర్వాత సాగింటాయ్ తాత లేచాడు. వెల్డింగు పనిలో కళ్లు పాడైన మనిషి. ఎమ్మా రాసిచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"వాళ్లకీ అక్కడెక్కడో ఓ తల్లి ఉంటుంది కదయ్యా. వాకిట్లో నిలబడి పైకి చూస్తూ ఉంటుంది. మీ వెచ్చని గదులు ఆవిడకెందుకు? గేటు తియ్యండి."

హాలంతా చప్పట్లు. గ్లెబ్ రుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ఇదే అదను అనుకున్నాను.

సభయ్యాక టీ, నూనెలో వేయించిన పిండి ముద్దలు, బావుర్సాక్‌లు పెట్టారు. నా కాగితం పట్టుకుని ఆయన దగ్గరికెళ్లాను.

"గ్లెబ్ సావెల్యెవిచ్, మా అమ్మకు బాగాలేదండీ. ఈ చీటీ..."

ఆయన నోట్లోని బావుర్సాక్ నమిలి మింగి, ఆప్యాయంగా నవ్వాడు.

"తాత ఏడిపించాడమ్మా, కానీ ఒప్పించింది నువ్వే. ఒక్కణ్ణి వదిలితే అందరూ పోతామంటారు. ఎంత బాగా చెప్పావు!"

"అయ్యో, అది ఎమ్మా చెప్పమన్న మాటండీ!"

"మరీ అంత వినయం పనికిరాదు," అని సంతకం పెట్టకుండానే కాగితం తిరిగి నా చేతిలో పెట్టాడు.

ఆ ఊళ్లో నా అభిప్రాయానికి విలువ దక్కడం అదే మొదటిసారి.