వందలో పన్నెండు

ఎల్బీనగర్ దవాఖాన నుంచి వచ్చిన సాయంత్రమే యాదగిరి చంపాపేట్ గల్లీ అంతా చాటాడు.

"ఎనభై ఎనిమిది మార్కులొచ్చినయ్ నాకు!"

భార్య ఐలమ్మకు మాత్రం బువ్వ సహించలేదు. ఆయన ఊపిరితిత్తిలో రేగుపండంత గడ్డ ఉంది. క్యాన్సరే, కాకపోతే తొలిదశ. చుట్టూ ఉన్న బిళ్ళలు, అంటే లింఫు గ్రంథులు, స్కానింగులో శుభ్రంగానే కనిపించాయి. అయినా డాక్టరమ్మ స్వర్ణలత గడ్డ సైజూ తీరూ కంప్యూటర్‌లో వేసి చూసి, జబ్బు గుట్టుగా బిళ్ళల్లోకి పాకి ఉండే అవకాశం వందలో పన్నెండు అంది. పాకకపోతే చిన్న ముక్క తీస్తే చాలు. పాకితే ఊపిరితిత్తిలో ఒక భాగమే తీసేయాలి.

యాదగిరి చిన్న ముక్కే అని పట్టుబట్టాడు. భజన మండలిలో పై స్వరం అందుకునేది ఆయనే. "దమ్ము పోయినంక నేనెందుకే?" అన్నాడు.

కాలికి ముల్లు దిగితే గజ్జలో బిళ్ళ కడుతుందని ఐలమ్మకు తెలుసు. అది చేతికి తగులుతుంది. ఇది చేతికీ తగలదు, స్కానింగుకూ చిక్కదు. ఆమె భయమంతా అదే.

మేడ మీద కిరాయికున్న నాగేశ్వరి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతుంది. ఐలమ్మ ఆమెను పిలుచుకొచ్చింది.

"బాబాయిగారూ, అవి మార్కులు కాదండీ. ఇలాంటి గడ్డ ఉన్నవాళ్ళు వందమంది ఉంటే పన్నెండుమందికి పాకి ఉంటుందని లెక్క. మీకు పాకిందో లేదో అది చెప్పదు."

"అంటే నేను ఫెయిలా?"

"ఇంకా పరీక్షే రాయలేదుగా!"

"గీ పంతులమ్మ నవ్వుకుంటనే సంపుతది," అన్నాడు గానీ, ఆ రాత్రి భజనలో గొంతెత్తలేదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ వివరంగా చెప్పింది. "ఆపరేషన్‌లో ముందు బిళ్ళలు తీసి, అప్పటికప్పుడే పరీక్ష చేయిస్తాను. శుభ్రంగా ఉంటే చిన్న ముక్కతో ఆపేస్తాను. లేకపోతే ఆ భాగమంతా తీయాలి. అది మధ్యలో మిమ్మల్ని లేపి అడగలేను కదా. ఇప్పుడే ఒప్పుకోవాలి."

యాదగిరి భార్య వైపు చూశాడు. "నువ్వేమంటవే?"

"ఇన్నేండ్ల సంది నీ గొంతుకు నా చెవులు గుయ్యిమంటున్నయ్. జర మెల్లగ పాడితే ఏం పోయింది?"

ఆయన నవ్వబోయి దగ్గాడు. సంతకం పెట్టాడు.

ఆపరేషన్ రోజు డాక్టరమ్మ మధ్యలో బయటికొచ్చి ఐలమ్మ పక్కన కూర్చుంది. "ఒక బిళ్ళలో ఉందమ్మా. ఆ భాగం తీసేస్తున్నాం. తర్వాత మందులు కూడా ఎక్కించాలి. మెలకువ వచ్చాక ఆయనకు నేను చెప్పనా?"

"వద్దు బిడ్డా. నేనే చెప్త."

కళ్ళు తెరిచిన యాదగిరి చూపుతోనే అడిగాడు. ఐలమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది.

"పాకిందయ్యా. ఒక్క బిళ్ళల. ఊపిరితిత్తిల గా భాగం తీసేసిండ్రు."

ఆయన కంటికొసన నీరు చెవిదాకా జారింది. ఆయన గొణిగాడు. "చిన్న ముక్కనే తీసి ఊకోమని ఆఖరిదాక మొండికేసుంటే, బిళ్ళ ముచ్చటే తెల్వకపోతుండె."

"ఎయ్యలే గదా."

మర్నాడు నర్సు ఊపిరి కసరత్తుకని మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా తెచ్చి, గొట్టం నోట్లో పెట్టి గాలి లోపలికి పీల్చమంది. యాదగిరి నొప్పికి కళ్ళు మూసుకుని పీల్చాడు. మొదటి బంతి కదిలి, సగం లేచి, టప్పున పడింది.

"గింతేనా!" అన్నాడు, ముఖం పక్కకు తిప్పుకుని.

ఐలమ్మ ఆయన మూతి తుడిచి గొట్టం మళ్ళీ అందించింది. "లేసింది గదా. ఇంకోపారి గుంజు."