గీత పక్కన మొలిచింది

ఆ ల్యాబులో ఒక అలవాటు ఉంది. రోగి కంటి నుంచి గీకి తీసిన నమూనాను, సూక్ష్మజీవులు మొలిచే ప్లేటు మీద గీతలుగా పూస్తారు. గీత మీద ఏదైనా మొలిస్తే అది రోగిది, గీత పక్కన మొలిస్తే గాలిలోంచి పడిన చెత్త. చెత్తను పారేసి చేతులు కడుక్కుంటారు. ఇంకో అలవాటూ ఉంది. సొంతవాళ్ల ప్లేటు సొంతవాళ్లు చూడరు. అక్కడి టెక్నీషియన్ ఈ రెండోదాన్ని తుంగలో తొక్కింది. తమ్ముడి కన్ను మరి, ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనసెలా ఒప్పుతుంది?

తమ్ముడు వడ్రంగి. చెక్క కోస్తుంటే పేడు ఎగిరి కంట్లో గుచ్చుకుంది. బాక్టీరియా అయి ఉంటుందని డాక్టరమ్మ చుక్కల మందు మొదలుపెట్టి, నమూనా ల్యాబుకు పంపింది. ప్లేటు మీద తెల్లటి నూగు కనబడగానే అక్క దాన్ని దీపం కిందికి జరిపింది. నూగంటే ఫంగస్. అది గీత మీదుందా, పక్కనుందా? వంగి చూసింది. పక్కన ఉండాలని కోరుకుంది కాబట్టి పక్కనే ఉన్నట్టు కనిపించింది. ప్లేటు పారేసి, ఏమీ మొలవలేదని రాసి పంపేసింది.

చుక్కలు పడుతూనే ఉన్నాయి, కంటి జబ్బు ముదురుతూనే ఉంది. నల్లగుడ్డు మీద తెల్లపొర కమ్మింది. డాక్టరమ్మ అతన్ని వార్డులో చేర్చుకుని, మళ్లీ గీకి పంపింది. ఈసారి నూగు గీత పొడవునా మొలిచింది. అక్క ప్లేటు పట్టుకుని వార్డుకు పరుగెత్తింది.

"మొదటిసారీ ఇదే వచ్చింది మేడమ్. గాలిదనుకుని నేనే పారేశాను."

డాక్టరమ్మ ప్లేటు అందుకుని చూసి, చీటీలో పాత మందు కొట్టేసింది. నాలుగు తిట్టినా బాగుండేదని అక్కకు అనిపించింది.

మంచం మీంచి తమ్ముడు అందుకున్నాడు. "పోనీలే అక్కా. మందు మారిస్తే సరిపోతుంది కదండీ, డాక్టరమ్మా?"

"బాక్టీరియా అయితే అంత భయం లేదు బాబూ. జీవుల్లో దాని డొమైనే, అంటే అన్నిటికంటే పెద్ద విభాగమే వేరు, మనకు లేని గోడ దాని ఒంటికుంటుంది. ఆ గోడ పగలగొట్టే మందులు బోలెడున్నాయి. ఫంగస్ అలా కాదు. చెట్లూ మనమూ ఉన్న డొమైన్‌లోనే అదీ ఉంది, దాని కింది విభాగం, రాజ్యం మాత్రమే వేరు. పైగా చెట్లకంటే మనకే దగ్గర. దాన్ని చంపబోతే మనకూ తగులుతుంది. అందుకే మందులు తక్కువ, అవీ మెల్లగా పనిచేస్తాయి."

"చుట్టమన్నమాట! అందుకే వచ్చి తిష్ట వేశాడు," అన్నాడు తమ్ముడు.

కొత్త మందు కన్ను మండించేది. పళ్లు బిగబట్టి ఓర్చుకునేవాడు. అక్క సెలవు పెట్టి పక్కనే కూర్చుంది. ఆ ఫంగస్ చుట్టం ఇంత పగవాడెలా అయ్యాడా అని, తమ్ముడి కంటి వంక చూడ్డానికే భయపడేది.

చివరికి డాక్టరమ్మ కట్టు విప్పింది. బాగున్న కంటిని అరచేత్తో మూసి, "మీ అక్క నీ ఎదురుగా నిలబడింది. ఎన్ని వేళ్లు చూపిస్తోందో చెప్పు," అంది.

అక్కకు చెయ్యి ఎత్తడానికి ధైర్యం చాలలేదు. మంచం కమ్మిని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"మూడు," అన్నాడు తమ్ముడు నవ్వుతూ. "మూడే కదా? నువ్వింక ఏడవకు అక్కా, బాగానే కనిపిస్తున్నావు."