వద్దుల బుట్ట

కాఫీ పొడి పొట్లం మూల కత్తెరతో కత్తిరించి ఎర్రడబ్బాలోకి వంపడం ఇంట్లో వాళ్ళు లేవకముందే చెయ్యాల్సిన పని. పొడి చప్పుడు చేస్తూ పడకూడదు. పొట్లం మూతిని డబ్బా అంచుకు ఆనించి, నిద్రపోతున్న పిల్ల తల కింద నుంచి చెయ్యి లాక్కున్నంత మెల్లగా వంచాలి. ఖాళీ పొట్లాన్ని మడతలు పెట్టి తన హ్యాండ్‌బ్యాగులో దాచుకోవాలి. చెత్తబుట్టలో వేస్తే అత్తగారి కంట పడుతుంది. ఎర్రడబ్బా అయ్యాక గిన్నెల సబ్బు సీసా, ఆ తర్వాత బట్టల పొడి అట్టపెట్టె, షాంపూ సీసా. ఆ ఇంటి అరల మీద ఉన్నవన్నీ పాత పేర్లే, టీవీలో అందమైన వాళ్ళు చేత్తో పట్టుకుని నవ్వే పేర్లు. లోపల ఉన్నది మాత్రం, రెండు బస్సులు మారి వెళ్ళి, పెద్ద మార్కెట్ వెనక సందులో ఆమె మోసుకొచ్చిన చవక సరుకు.

ఇది మొదలై ఏడాదైంది. భర్త సూపర్‌వైజరుగా ఉన్న ఫ్యాక్టరీకి ఆర్డర్లు పడిపోయాయి. జీతంలో మూడోవంతు కోసి, వారానికి రెండు రోజులు ఇంట్లో కూర్చోమన్నారు. కూర్చోమన్నారని అతను నిజంగానే కూర్చున్నాడు. సోఫాలో ఒక మూల అతని ఆకారానికి గుంట పడింది. టీవీలో టై కట్టుకున్నవాళ్ళు మాట్లాడుతుంటే విని, ఆమె గిన్నెలు తోముతున్నప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి వివరించేవాడు. "దీన్ని మాంద్యం అంటారు. జనం కొనడం మానేస్తే ఫ్యాక్టరీలు ఆగిపోతాయి. నీకు చెప్పినా అర్థం కాదులే, పెద్ద సబ్జెక్టు."

ఆమె గిన్నెలు తోముకుంటూ పోయేది. రోజంతా సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటరు దగ్గర నిలబడే మనిషికి, జనం కొనడం మానేశారని ఒకడు చెప్పాలా!

మొదటి నెల అడిగింది కూడా. "తక్కువ రకాలు తెచ్చుకుందామండీ. కొన్నాళ్ళేగా."

"మా అమ్మ చేత ఈ వయసులో చవక కాఫీ తాగిస్తావా? చూడు, కష్టాలు ఎవరికైనా వస్తాయి. నేనున్నంత వరకు ఈ ఇంట్లో సరుకు మారదు. నాలుక దిగజారిందంటే మనిషి దిగజారినట్టే." అలా అని, ఎప్పుడూ ఇచ్చే డబ్బులో కోత పెట్టి ఆమె చేతిలో పెట్టాడు. సరుకు మారకూడదు. డబ్బు మాత్రం మారింది. ఆ రెంటికీ మధ్య పడిన గొయ్యిని ఎవరు పూడుస్తారో అతను చెప్పలేదు. మొగవాళ్ళు అలాంటివి చెప్పరు. రేపు పొద్దున కాఫీ వస్తుందని మాత్రం వాళ్ళకు తెలుసు, అంతే.

వచ్చింది. తల్లీకొడుకులు ఇద్దరూ తాగారు. "ఎర్రడబ్బా ఎర్రడబ్బాయే. ఆ వాసనే వేరు" అన్నాడు కొడుకు. "వేరే పొడైతే నాకు గొంతు దిగదమ్మా" అంది తల్లి. ఆమె వంటింట్లో మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది. ఆ నవ్వు మొదటి నెల తియ్యగా ఉంది. తర్వాత తర్వాత చప్పబడింది. ఎందుకంటే ఇంటికి వచ్చిన వాళ్ళందరి ముందూ అతను అనేవాడు, "ఈ రోజుల్లో కూడా మా ఇంట్లో ఒక్క వస్తువు తగ్గలేదంటే చూసుకోండి. ప్లానింగ్ ఉండాలి. ఆడవాళ్ళ చేతికి వదిలేస్తే ఈపాటికి రోడ్డున పడేవాళ్ళం." ప్లానింగు సోఫాలో కాళ్ళు చాపుకుని ఉండేది. సంచులు బస్సులో నిలబడి వచ్చేవి.

సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ వాళ్ళు కూర్చోకూడదు. కూర్చుంటే కస్టమర్‌కు గౌరవం ఇవ్వనట్టట. వచ్చినవాడు ఎవడైనా సార్, వచ్చినామె ఎవరైనా మేడమ్. ఏడాది నుంచి ఆమె కౌంటరు మీద ఊరి కాపురాలన్నీ రబ్బరు బెల్టు మీద పడుకుని ఒక్కొక్కటే నడిచొచ్చాయి. పెద్ద ప్యాకెట్లు కొనేవాళ్ళు చిన్నవాటికి దిగారు. ఒకప్పుడు అందినవన్నీ ట్రాలీలో గిరాటేసిన మొగవాళ్ళు ఇప్పుడు డబ్బా తిప్పి ధర చదువుతున్నారు. సగం సరుకు బిల్లయ్యేసరికి, "ఇప్పటికెంతయింది?" అని ఆగుతున్నారు. చివర్లో మొత్తం చెప్పగానే పర్సులో చూసుకుని, మెల్లగా అంటారు, "ఒకటి తీసెయ్యండి."

అలా తీసేసినవి వేయడానికి కౌంటరు కింద ఒక ప్లాస్టిక్ బుట్ట ఉంటుంది. షాపు వాళ్ళు దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టారు గానీ, బిల్లింగ్ ఆడవాళ్ళందరూ దాన్ని వద్దుల బుట్ట అంటారు. సాయంత్రం షిఫ్టు దిగేముందు ఎవరి వద్దుల బుట్ట వాళ్ళే ఖాళీ చేసి, వస్తువులన్నీ అరల్లో సర్ది రావాలి. ఆ బుట్టలో ఏముంటుందో ఆమె చూడకుండానే చెప్పగలదు. మొగాడి రేజరు బ్లేడ్లు ఉండవు. అతని చిరుతిళ్ళు ఉండవు. ముసలాళ్ళ మందులూ, పిల్లల చాక్లెట్లూ ఉండవు. ఉండేవి తలనూనె సీసా, కాళ్ళ పగుళ్ళకు రాసుకునే క్రీము, లోబట్టలు, ఒక చవక లిప్‌స్టిక్కు. ఆడమనిషి చెయ్యి బెల్టు మీద ముందు తన వస్తువు దగ్గరికే పోతుంది. అది కూడా ఏదో పొరపాటున ట్రాలీలో పడ్డట్టు మొహం పెట్టి, "ఇది ఇప్పుడు అర్జంటు కాదులెండి" అని.

పక్క కౌంటరామెను అందరూ చిల్లరక్క అంటారు. కస్టమర్‌ను చూడగానే "చిల్లరుందా?" అనడం ఆమె నమస్కారం. వద్దుల బుట్టను కాలితో తోస్తూ చిల్లరక్క ఒకరోజు అంది, "ఏమ్మా, మనవాళ్ళు షాపుకొచ్చేది కొనుక్కోడానికా, తమది తాము వద్దనుకోడానికా?"

ఆమె ఆ మాటకు నవ్వబోయి ఆగిపోయింది. ఆ బుట్టలోకి ఆమె తనది కూడా వేసుకుంది, ఒకసారి కాదు. చెప్పుల అరలో మెత్తటి అట్ట ఉన్న జత ఒకటుంది. సాయంత్రమయ్యేసరికి ఆమె మడమల్లో మేకులు దిగేసినట్టుంటుంది. డాక్టరు ఆ రకం చెప్పులే వేసుకోమన్నాడు, లేకపోతే మడమ ఎముక పెరిగి అసలు నిలబడలేవన్నాడు. నిలబడలేకపోతే ఈ ఉద్యోగం లేదు. షాపులో పనిచేసేవాళ్ళకు నెలకొక వస్తువు సగం ధరకు ఇస్తారు. ప్రతి నెలా ఆ చెప్పులు కౌంటరు దాకా తెచ్చుకునేది. ప్రతి నెలా ఏదో ఒకటి అడ్డం వచ్చేది: అతని షేవింగు క్రీము, అత్తగారి మోకాళ్ళ మందు, అతని ఆఫీసు బెల్టు. చెప్పులు వద్దుల బుట్టలోకి, అక్కణ్ణించి మళ్ళీ తన చేత్తోనే అరలోకి.

ఇంట్లో అడిగితే అతను ఆశ్చర్యపోయాడు. "నీది నిలబడే ఉద్యోగమేగా! నడిచేదేముంది? దానికంత మెత్తటి చెప్పులెందుకు?"

అలాంటి రోజుల్లోనే అతని అక్క వచ్చింది. వచ్చి కాఫీ తాగి, "మా ఇంట్లో కాఫీ ఇలా కుదరదురా తమ్ముడూ. మీ బావ రేట్లు పెరిగాయని ఏదో చెత్త పొడి తెస్తున్నారు" అంది.

తమ్ముడి ఛాతీ రెండంగుళాలు పొంగింది. "బావ ఎప్పుడూ అంతేలే. నేను చూడు, ఆకలితోనైనా ఉంటాను గానీ ఆ చవక పొడి ముట్టను. కళ్ళు మూసుకుని చెప్పగలను ఏది ఏ పొడో." అని లేచి, వంటింట్లోకి వెళ్ళి, అరలోంచి ఎర్రడబ్బా తీసుకొచ్చి అక్క ఒళ్ళో పెట్టాడు. "తీసుకెళ్ళు."

ఆమె వంటింట్లోంచి గబగబా వచ్చింది. "అది వాడేసిందండీ. వదినగారికి కొత్తది తెచ్చిద్దాం."

"కొత్తది ఎవరైనా ఇస్తారు. ఇంట్లో వాడుకునేది ఇవ్వడంలోనే ఉంది ప్రేమ" అన్నాడు. అత్తగారు కొడుకు వైపు చూసి కళ్ళు ఒత్తుకుంది. డబ్బా ఆడపడుచు సంచిలో కూర్చుని వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రం ఫోను మోగింది. అతను గొప్పగా స్పీకరు నొక్కాడు, తల్లి కూడా విననీ అని.

"ఒరే తమ్ముడూ, నీ డబ్బాలో పొడితో పాటు పొట్లం ముక్క వచ్చిందిరా. మూల కత్తిరించింది. మీ బావ తెచ్చే పొట్లం మూల కూడా అచ్చం ఇదే." ఆడపడుచు నవ్వు ఆపుకోలేకపోతోంది. "మీ బావ అడుగుతున్నారు, కళ్ళు మూసుకుని చెబుతావా, తెరుచుకుని చెబుతావా అని!"

వెనక నుంచి బావ నవ్వు కూడా వినబడింది. అతను ఫోను కట్ చేశాడు. ఏడాదిలో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కత్తిరించిన మూల డబ్బాలో పడింది. ఆ పూట బస్సు తప్పిపోతుందని హడావుడిలో ఉంది.

"పరువు తీశావ్" అన్నాడు. "ఎన్నాళ్ళనించి?"

"మీ జీతం కోసినప్పట్నించి."

"ఏడాదిగా చెత్త తాగిస్తున్నావా మాకు? మోసం కాదూ ఇది?"

"నాకు అప్పుడే అనుమానం వచ్చిందిరా" అని అందుకుంది అత్తగారు. "ఆ కాఫీ ఏదో తేడాగా ఉందని నా గొంతు చెబుతూనే ఉంది. పోనీలే, ఇంటి కోడలు కదా అని ఊరుకున్నా." నిన్న అదే గొంతు రెండో గ్లాసు అడిగి పోయించుకుంది.

ఆమె అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి, గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ఎవరూ కూర్చోమనలేదు. అరికాలి మంట నెత్తికెక్కడం అని అందరూ అంటుంటారు గానీ, అది మాట వరసకు అనే మాట కాదని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. నిజంగానే మడమల్లో మొదలై, పిక్కలు దాటి, నడుము దాటి, పైకొచ్చింది. ఏడాదిగా తను దాచింది చవక పొడిని కాదు. ఇతను పడిపోయిన సంగతి ఇతనికే తెలియకుండా దాచింది. ఆ బరువు తన మడమల మీద మోసింది. మోస్తే వచ్చిన పేరేమిటి? మోసం. సరే, అలాగే కానీ.

వంటింట్లోకి వెళ్ళింది. సబ్బు సీసా, బట్టల పొడి పెట్టె, షాంపూ సీసా అన్నీ తెచ్చి అతని ముందు బల్ల మీద పెట్టింది. హ్యాండ్‌బ్యాగులోంచి మడతలు పెట్టిన ఖాళీ పొట్లాలు తీసి వాటి పక్కన పడేసింది.

"ఇవి కూడా మోసమే. అన్నీ ఒకేసారి చూసుకోండి, విడివిడిగా ఎందుకు పోవడం పరువు! నేను ఇక సరుకులు తేను. మీకు వారానికి రెండు రోజులు సెలవేగా, మీరు తెండి. మీరిచ్చే డబ్బుతోనే తెండి. ఏ రకం కావాలంటే ఆ రకం తెండి. పేరు మారకుండా తెండి."

"తెస్తాను. నాకేమన్నా చేతకాదనుకున్నావా?"

"ప్లానింగ్ ఉందిగా" అంది ఆమె.

ఆదివారం షాపు కిటకిటలాడుతోంది. తల్లీకొడుకులు ట్రాలీ తోసుకుంటూ రావడం ఆమె దూరం నుంచే చూసింది. చిల్లరక్క కౌంటరు దగ్గర జనం పల్చగా ఉన్నా, అతను అటు పోలేదు. పెళ్ళాం కౌంటరు కదా, ఎలాగో ఒకలా సర్దుతుందనే ధీమా నడకలోనే కనిపిస్తోంది. అత్తగారు చివరి నిమిషంలో రెండు బిస్కెట్ల ప్యాకెట్లు కూడా ట్రాలీలో పడేసింది.

బెల్టు కదిలింది. ఎర్రడబ్బా. పెద్ద సీసా షాంపూ. అన్నిటికంటే తెల్లగా ఉతికే పొడి. షేవింగు క్రీము, బ్లేడ్లు. అన్నీ పాత పేర్లే, ఈసారి లోపల కూడా. ఆమె ఒక్కొక్కటే మిషనుకు చూపించి పక్కకు జరిపింది. సగమయ్యాక అతను ఆగి అడగలేదు, అడగాలని అతనికి తెలియదు. చివర్లో మొత్తం చెప్పింది.

అతను పర్సు తీశాడు. చూశాడు. ఇంకో అర తెరిచి చూశాడు. జేబులు తడుముకున్నాడు. మొహంలో రంగు దిగిపోయింది. ముందుకు వంగి, పళ్ళ సందుల్లోంచి అన్నాడు, "కాస్త సర్దు."

"ఎలా సర్దాలి?"

"మీకేదో సగం ధర ఉంటుందిగా నెలకి. అది వెయ్యి."

"ఈ నెలది వాడేశాను."

"దేనికి?"

ఆమె కౌంటరు పక్కనుంచి పాదం కొంచెం బయటికి చాపింది. మెత్తటి అట్ట చెప్పులు. కొత్తవి. "వీటికి."

"ఏంటండీ, కానివ్వండి బాబూ" అన్నారు వెనక ఎవరో. చిల్లరక్క తన బిల్లు ఆపి ఇటు చూస్తోంది.

అతని కళ్ళు బెల్టు చివర పోగుపడిన సరుకుల మీద వెతకడం మొదలుపెట్టాయి. ఆ చూపు ఆమెకు తెలుసు, ఏడాదంతా చూసింది. ఏది పోతే ఎవరికీ తెలియదో, ఎవరూ అడగరో ఆ వస్తువు కోసం వెతికే చూపు. తలనూనె, క్రీము, ఆడమనిషిది ఏదో ఒకటి. ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా, మళ్ళీ ఈ చివర నుంచి ఆ చివర దాకా వెతికాడు. దొరకలేదు. ఆమె కోసం అతను ఏమీ కొనలేదు.

"ఏది తీసెయ్యమంటారు సార్?" అంది ఆమె, వచ్చిన ప్రతివాణ్ణీ అడిగే గొంతుతోనే.

అత్తగారు బిస్కెట్ల మీద చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. అతను తల్లి చేతిని చూశాడు. వెనకున్న వరసను చూశాడు. చివరికి, మెడ తిప్పుకుని, రెండు వేళ్ళతో ఎర్రడబ్బాను ఆమె వైపు తోశాడు.

ఆమె దాన్ని బిల్లులోంచి కొట్టేసి, కౌంటరు కిందికి వంగి వద్దుల బుట్టలో పడేసింది. డబ్బా ఖంగుమంది.

"ఇంకా సరిపోలేదు సార్" అంది. "ఇంకేం తీసెయ్యమంటారు?"