వార్తలమ్మ

పంతొమ్మిదేళ్లపాటు రోజూ పొద్దున ఏడున్నరకు రేడియోలో వార్తలు చదివింది కాబట్టి అందరూ ఆమెను వార్తలమ్మ అనేవారు. మొహం ఎవరికీ తెలియదు కానీ ఆ గొంతు తెలియని ఇల్లు లేదు. పెళ్లి ఊసెత్తిన వాళ్లతో, "దేశమంతా నా నోటికేసి చూస్తుంటే నాకు తీరికెక్కడిది?" అని నవ్వేసేది.

ఆ ఏడాది వేసవిలో ప్రభుత్వం కూలిపోయింది. జనం రేడియో భవనం అద్దాలు పగలగొట్టారు. కొత్తగా వచ్చిన డైరెక్టరు ఆమెను కూర్చోమనైనా అనకుండా, "మీ గొంతు వింటే జనానికి పాత రోజులు గుర్తొస్తాయండీ. ఇక మీరు రానక్కర్లేదు" అన్నాడు. ఆమె కళ్లజోడు సంచిలో వేసుకుని బయటికొచ్చేసింది.

అప్పటికే ఇళ్ల కప్పుల మీద టీవీ యాంటెన్నాలు మొలుస్తున్నాయి. పాతికేళ్లయినా నిండని అమ్మాయిలు, ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే, మధ్యమధ్య నవ్వుతూ వార్తలు చెబుతున్నారు. అది ఆమెకు నచ్చింది కూడా. ఆ మాట చెప్పుకోవడానికే పక్కన ఎవరూ లేరు.

వారం తిరక్కముందే కూరల కొట్లో, "అరకిలో టమాటాలివ్వండి" అనేసరికి చుట్టూ ఉన్నవాళ్లు గిరుక్కున తిరిగారు.

"ఆవిడే కదూ?" అంది ఒక ముసలావిడ. "మనం క్యూల్లో నిలబడి చస్తుంటే, పంటలు బ్రహ్మాండంగా పండాయని చెప్పేది!"

ఆమె టమాటాలు అక్కడే వదిలేసి ఇంటిదారి పట్టింది. మర్నాటి నుంచి బయట నోరు విప్పడం మానేసింది. కొట్లో కావలసినవి వేలితో చూపించేది. బస్సులో దిగే చోటు కాగితం మీద రాసి ఇచ్చేది. పాపం మూగమనిషి అనుకుని కండక్టరు చెయ్యి పట్టుకుని మరీ దింపేవాడు.

వానాకాలంలో టెలిఫోను ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆపరేటర్ల బదులు కొత్త యంత్రాలు పెడుతున్నారట, వాటికి ఒక గొంతు కావాలట. అక్కడి ఇంజినీరు కుర్రాడు, జన్మలో వార్తలు విన్న పాపాన పోలేదు. ఆమె నలభై వాక్యాలు చదివాక, "మేడం, అచ్చం యంత్రంలాగే చదివారు!" అని తెగ మెచ్చుకున్నాడు. అది పొగడ్తో తిట్టో తేల్చుకోలేక ఆమె తలూపింది. ఒక్క పూటతో ఆ పనీ అయిపోయింది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం, ఉండబట్టలేక అన్నయ్యకు ఫోను చేసింది. రెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. అన్నయ్య కొడుకును ఊరేగింపులో పోలీసులు పట్టుకుపోయిన మర్నాడు, "ఎవరినీ అరెస్టు చేయలేదు" అని ఆమె వార్తల్లో చదివింది. వాడు జైల్లో ఉన్నాడని తెలిసే చదివింది.

అవతల రెండుసార్లు కిర్రుమంది. తర్వాత, "మీరు కోరిన నంబరు ప్రస్తుతం వాడుకలో లేదు" అని ఆమె గొంతే ఆమెకు చెప్పింది. అన్నయ్య నంబరు మార్చేసుకున్నాడన్నమాట.

రిసీవరు పెట్టేసింది. తర్వాత చెప్పులేసుకుని, రెండు బస్సులు మారి అన్నయ్య ఇంటికి వెళ్లింది.

మేనల్లుడే తలుపు తీశాడు. ప్రభుత్వం పడిపోయాక విడుదలయ్యాడు. ముప్ఫై నిండకుండానే జుట్టు పలచబడింది. "రా అత్తా" అన్నాడు. లోపల గది తలుపు దభాలున మూసుకుంది. "నాన్నలే" అంటూ వాడు టీ తెచ్చిపెట్టాడు.

"నేను తెలిసే చదివానురా" అందామె.

"తెలుసత్తా. కాపలావాళ్ల దగ్గర రేడియో ఉండేది. రోజూ నిన్ను తిట్టుకుంటూనే వినేవాణ్ణి. మనింటి గొంతు అదొక్కటే వినపడేది మరి."

"క్షమించావా?"

వాడు టీ కప్పు ఆమె వైపు జరిపాడు. "లేదు. కానీ వస్తూ ఉండు. టీ తాగు, చల్లారిపోతోంది."

ఆమె తాగింది. మూసిన తలుపు ముందు నిలబడి, "అన్నయ్యా, వెళ్లొస్తా" అంది.

ఏడాది ముగిసేలోగా మరో ఆరు ఆదివారాలు వెళ్లింది. ఒక్కసారి మాత్రం అన్నయ్య బయటికొచ్చాడు. ఆమె వైపు చూడకుండా, ఆమె వెనకాల తెరిచి ఉన్న కిటికీ మూసి, "చలిగాలి కొడుతోంది" అన్నాడు. ఎవరితో అన్నాడో చెప్పకుండా మళ్లీ గదిలోకి వెళ్లిపోయాడు.