సత్తిరాజు మాస్టారి అయిదు గుర్రాలు

గుర్రప్పందేల సీజను మొదలైన రెండో సోమవారం మధ్యాహ్నం, లేట్ మాన్‌సూన్ అనే మూడేళ్ళ గుర్రం హైదరాబాదు మలక్‌పేటలో మూడు గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. తణుకులో తన పంపుసెట్ల షాపులో కూర్చుని, ఫోను క్యాష్ కౌంటరుకి ఆనించి ఆ పందెం చూసిన వెంకటరత్నానికి ఏమీ అనిపించలేదు. అది అతను ఎంచుకున్న గుర్రం. వేరే ఏడాదైతే బల్ల చరిచి లేచి నిలబడేవాడు, బేరమాడుతున్న రైతులు ఏమైందండీ అని కంగారు పడేవారు. ఇవాళ ఫోను బోర్లా పెట్టి, ఎవరో అడిగిన పైపు కొలిచి ఇచ్చాడు.

వెంకటరత్నం పందెం కాసే మనిషి కాదు. ఈ మాట చెబితే ఊళ్ళో ఎవరూ నమ్మరు, అది వేరే సంగతి. ముప్ఫై ఏళ్ళకు పైగా అతనూ, లెక్కల మాస్టారు సత్తిరాజు గారూ ఒక్క పైసా పెట్టకుండా గుర్రాల వెంటపడ్డారు. హైదరాబాదులో వానాకాలం సీజను మొదలయ్యే ముందు, ఇంకా ఒక్క పందెమూ గెలవని కుర్ర గుర్రాల్లోంచి చెరో అయిదు ఎంచి, చీటీల మీద రాసి, మడిచి పిన్ను కొట్టి, ఒకరి చీటీ ఒకరి దగ్గర దాచుకునేవారు. అక్టోబరులో విప్పేవారు. ఎవరి గుర్రాలు ఎక్కువ గెలిస్తే వాళ్ళని రెండో మనిషి ఏడాది పొడుగునా "ట్రైనరు గారూ" అని పిలవాలి. అరవై దాటిన పెద్దమనుషులు నడిబజారులో అలా పిలుచుకుంటుంటే చూసేవాళ్ళకి నవ్వొచ్చేది. గెలిచిన గుర్రాన్ని ఎవరైనా మెచ్చుకుంటారు, గెలవబోయేదాన్ని ముందే పసిగట్టాలి, పనితనమంతా అక్కడే ఉంది అనేవారు మాస్టారు.

ఆ మాస్టారు పోయి పంతొమ్మిది రోజులైంది. రావులపాలెం బస్టాండు దగ్గర రోడ్డు దాటుతుంటే లారీ గుద్దేసింది.

రావులపాలెం ఎందుకెళ్ళారన్నది ఎవరికీ తెలియదు. అక్కడ చుట్టాలు లేరు, పనీ లేదు. ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, చేతిలో స్వీటు పొట్లం. మన ఊరి జనానికి ఆ మాత్రం చాలు. పెద్దకర్మ భోజనాల్లో అరిటాకుల ముందు కూర్చునే, మాస్టారికి అక్కడ ఎవరో ఉందని తేల్చేశారు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషిని పప్పులోకి నెయ్యి వడ్డించేలోగా అంత మాట అనేశారు. వెంకటరత్నం విన్నాడు. గొడవపడాలని కూడా అనిపించలేదు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చేశాడు.

ఏడుపు శ్మశానంలోనూ రాలేదు, తర్వాతా రాలేదు. ఎందుకు రాలేదో అతనికి తెలుసు. ఆఖరి పదిహేను రోజులూ ఇద్దరికీ మాటల్లేవు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదు.

జూన్‌లో వెంకటరత్నం ఓ కొత్త కంపెనీ మోటార్లు తెప్పించాడు. అవి నెల తిరక్కుండా కాలిపోయి, ఆటోల్లో వెనక్కి వచ్చేవి. అలా ఓ రోజు ముగ్గురు రైతులు షాపులో నిలదీస్తున్న సమయానికి మాస్టారు వచ్చి, చీటీ చేతిలో పెట్టి, "ఈసారి కాపర్ లాంతర్‌ని వదలకండి రత్నం గారూ. గెలిచి తీరుతుందది" అన్నారు.

కాపర్ లాంతర్ అంటే తొంభై మూడులో వెంకటరత్నం ఏరికోరి ఎంచుకున్న గుర్రం. పదకొండు పందేలు పరిగెత్తి పదకొండూ ఓడింది. ఆ పేరెత్తి మాస్టారు అతన్ని పదేళ్ళు ఏడిపించారు. గుర్రాలైనా మోటార్లైనా మీ ఎంపిక ఇంతే అని అందరి ముందూ దెప్పుతున్నారనుకున్నాడు వెంకటరత్నం. ఒళ్ళు మండిపోయింది.

"మాస్టారూ, మీకో దణ్ణం. ఇంక మా షాపుకి రాకండి" అన్నాడు.

"అలాగేనండి" అని మాస్టారు చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

మర్నాటికే కోపం సగం దిగింది. అయినా ఫోను చేయలేదు. తప్పు ఆయనది, ఆయనే రావాలని కూర్చున్నాడు. పదహారో రోజు మాస్టారి నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తి, దెబ్బకి దిగొచ్చారన్నమాట అనుకున్నాడు. మాట్లాడింది రావులపాలెం కానిస్టేబులు. ఫోనులో మీ పేరే ముందుందండి, అందుకే చేశానన్నాడు.

లేట్ మాన్‌సూన్ గెలిచిన అరగంటకి మాస్టారి భార్య బుల్లెమ్మ ఫోను చేసి, ఒకసారి రమ్మంది. రెండు వీధుల దూరం. వెంకటరత్నం నడిచే వెళ్ళాడు. ముందుగదిలో బల్ల మీద, ఫ్రేము కట్టించిన మాస్టారి ఫోటో షాపువాళ్ళు చుట్టిచ్చిన న్యూస్‌పేపరులోనే ఉంది. పురికొస కూడా విప్పలేదు.

"కూర్చోండి అన్నయ్యగారూ. ఒక్క మాట అడుగుతాను. అక్కడ ఆయనకి ఎవరున్నారు?"

"ఎవరూ లేరమ్మా."

"మీరు అలాగే అంటారు. మీ స్నేహం అలాంటిది. గొడవ చేయడానికి కాదండి, ఇప్పుడు చేసేదేముంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. ఆయన ఎలాంటి మనిషో తేలకుండా ఆ ఫోటోకి దండెలా వేయమంటారు?"

ఆమె ఏడవలేదు. బియ్యం నిండుకున్నాయని చెప్పినంత మామూలుగా అంది. వెంకటరత్నం ఒట్టేసి చెబుతానన్నాడు. ఒట్లెందుకులెండి అని ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆ కాఫీ తాగి, మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాడు.

షాపుకొచ్చి సొరుగు లాగాడు. మాస్టారి చీటీ పిన్నుతో సహా అలాగే ఉంది. అక్టోబరు దాకా విప్పకూడదు. ఎవరితో ఆడుతున్నాననీ ఈ నియమం అనిపించి, పిన్ను ఊడదీశాడు. ఆయన గుర్రాలు గెలుస్తుంటే చూసైనా లోపల ఏదో ఒకటి కదులుతుందేమోనని ఆశ.

బోర్డు మీద రాసినట్టుండే అక్షరాల్లో అయిదు పేర్లున్నాయి. బ్రేవ్ తంబుర, తుంగభద్ర బెల్, సిల్క్ కాటన్, మిసెస్ థర్స్‌డే, కాపర్ లాంతర్. అందులో ఒక్కటీ ఈ కాలపు గుర్రం కాదు. అన్నీ చచ్చి ఏళ్ళయింది. కింద సంతకం, దాని పక్కన తేదీ. పన్నెండు, ఆరు, పంతొమ్మిది వందల తొంభై మూడు.

ఇదీ ఎగతాళేనా అని ఒక్క క్షణం అనుకున్నాడు. కాదని తెలుస్తూనే ఉంది. మాస్టారు ఎగతాళికైనా తేదీ తప్పు వేసే మనిషి కాదు. ఆ రోజు ఆయన మొహంలో నవ్వేమీ లేదు కూడా. కాపర్ లాంతర్ గెలుస్తుందని ఆయన నిజంగానే నమ్మి చెప్పారు. ఆ మధ్య ఒకే సంగతి రెండుసార్లు అడగడం, నాలుగు వస్తువుల ధరలు కూడటానికి తడుముకోవడం, అన్నీ వయసు మీద పడటమే అనుకున్నాడు వెంకటరత్నం. ఆయన బుర్రలో ఏళ్ళు తారుమారైపోతున్నాయని రోజూ పక్కన కూర్చుని కూడా కనిపెట్టలేకపోయాడు. నాలుగు వందల కిలోమీటర్ల అవతల గుర్రం కుంటితే మాత్రం పట్టేసేవాడు.

తొంభై మూడు. చీటీ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాక గుర్తొచ్చింది. అప్పటికి తణుకులో ఈ షాపు లేదు. పెళ్ళైన కొత్తల్లో మామగారు పెట్టించిన చిన్న కొట్టు రావులపాలెం బస్టాండు ఎదురుగా ఉండేది. మూడేళ్ళు నడిపి ఎత్తేశాడు. కూల్చేసి కూడా పాతికేళ్ళయింది, అందుకే ఇన్నాళ్ళూ తట్టలేదు. ఆ కొట్టుకి శనివారం శనివారం మాస్టారు తణుకులో బస్సెక్కి, ఇస్త్రీ చొక్కాతో, స్వీటు పొట్లంతో వచ్చేవారు.

అప్పుడూ కన్నీళ్ళు రాలేదు. చీటీ చూపిస్తే మాస్టారి మీద మచ్చ పోతుంది. మరి ఇక్కడి షాపుకి ఎందుకు రాలేదన్న ప్రశ్న కూడా వస్తుంది. చీటీ చింపేసి నోరు మూసుకుంటే ఆ ప్రశ్న ఎప్పటికీ రాదు. ఈ ఆలోచన వచ్చినందుకు వెంకటరత్నానికి తన మీద అసహ్యం వేసింది. ఇన్ని రోజుల తర్వాత కలిగిన మొదటి భావం అదే. షట్టరు సగం దించి మళ్ళీ బయల్దేరాడు.

బుల్లెమ్మ చీటీ చదివింది. గుర్రాల పేర్లు ఆమెకి తెలియవు, తేదీ తెలిసింది. వెంకటరత్నం పాత కొట్టు సంగతి చెప్పాడు.

"అయితే ఆయన వెళ్ళింది మీ కొట్టుకా?"

"నా దగ్గరికేనమ్మా."

ఆమె పురికొస విప్పి, పేపరు తీసి, ఫోటో అద్దం కొంగుతో తుడిచి గోడకి ఆనించింది. పెరట్లోంచి నాలుగు నందివర్ధనాలు కోసుకొచ్చి ముందు పెట్టింది. ఎవరూ ఏడవలేదు. గోడ దగ్గర్నుంచి తిరక్కుండానే మాట్లాడింది.

"రోజూ సాయంత్రం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చునేవారండి. రత్నం గారు రావడం లేదేంటి, ఒంట్లో బాగాలేదేమో అనేవారు. ఓసారి మీరే వెళ్ళి చూసి రావచ్చు కదా అన్నాను. చొక్కా ఇస్త్రీ చేసింది కూడా నేనే." పువ్వులు సర్దింది. "మీరు ఆ పదిహేను రోజులూ ఎందుకు రాలేదు అన్నయ్యగారూ?"

"కోపమొచ్చిందమ్మా. మా షాపుకి రావద్దన్నాను."

బుల్లెమ్మ ఇటు తిరిగింది. మొహంలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది.

"అంత కానిమాట ఏమన్నారండీ ఆయన?"

వెంకటరత్నం ఫోటో వైపు చూశాడు.

"ఒక గుర్రం గెలుస్తుందన్నారమ్మా."